వెతేయ్ తోటలో పిల్లలు: మోనే చిత్రంలో ఎండ

ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1881లో వేసిన ‘వెతేయ్‌లో చిత్రకారుడి తోట’ ఎండలో పూసిన తోటనూ, అందులో నిలబడ్డ పిల్లలనూ చూపే తైలవర్ణ చిత్రం. సుమారు 151 సెంటీమీటర్ల ఎత్తు, 121 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఈ కాన్వాసు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. ఇదే తోటను మోనే ఇంతకన్నా చిన్న కాన్వాసుల మీద కూడా చిత్రించాడు. వాటిలో ఒకటి కాలిఫోర్నియాలోని నార్టన్ సైమన్ మ్యూజియంలో ఉంది.

వెతేయ్ పారిస్‌కు వాయవ్యంగా, సెన్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మోనే 1878లో భార్య కమీల్, ఇద్దరు కొడుకులతో అక్కడికి చేరాడు. ఆయన చిత్రాలు కొంటూ వచ్చిన వ్యాపారి ఎర్నెస్త్ ఓష్దే అప్పటికే దివాలా తీశాడు. ఓష్దే దంపతులూ వారి ఆరుగురు పిల్లలూ మోనే కుటుంబంతో కలిసి ఒకే ఇంట్లో తలదాచుకున్నారు. 1879 సెప్టెంబరులో కమీల్ కన్నుమూసింది. అప్పటికి చిన్న కొడుకు మిషెల్‌కు ఏడాదిన్నర. ఎనిమిది మంది పిల్లల ఆలనాపాలనా ఓష్దే భార్య అలీస్ మీద పడింది. 1881లో పారిస్ చిత్రవ్యాపారి ద్యురాన్-రుయెల్ మళ్లీ చిత్రాలు కొనడం మొదలుపెట్టడంతో ఇల్లు కొంత కుదుటపడింది. ఈ తోట చిత్రం ఆ ఏటిదే.

ఇంటికీ తోటకూ మధ్య రోడ్డు ఉండేది. తోట అక్కడి నుంచి నది వైపు వాలుగా దిగేది. మోనే ఆ వాలు కింది నుంచి ఇంటి వైపు చూస్తూ చిత్రించాడు. అందుకే చూసేవారి కన్ను బాట వెంట మెట్లెక్కి, ఇంటిని దాటి, మబ్బులు తేలే ఆకాశాన్ని చేరుతుంది. బాటకు రెండు వైపులా పొద్దుతిరుగుడు మొక్కలు మనిషెత్తుకు మించి గుబురుగా ఎదిగాయి. అంచుల్లో నీలం, తెలుపు రంగుల పింగాణీ కుండీలున్నాయి. ఇల్లు మారినప్పుడల్లా మోనే తన వెంట తీసుకుపోయిన కుండీలవి. బాట నడుమ ఒక పిల్లవాడు, పక్కన బొమ్మబండి. వెనక మెట్ల దగ్గర మరో బిడ్డ, ఒక స్త్రీ. పిల్లలిద్దరూ మిషెల్, అలీస్ కొడుకు ఝాన్-పియేర్ అని గుర్తించారు.

ముందున్న పిల్లవాణ్ణి దగ్గరగా చూస్తే ముఖంలో కనుముక్కు తీరు పోల్చుకోవడం కష్టం. కొద్దిపాటి కుంచెపూతలే ఉన్నాయి. స్టూడియోలో వేసే రూపచిత్రాల్లో వెలుగు ముందుగా ముఖం మీద పడుతుంది. తక్కినదంతా ముఖానికి లోబడి వెనక్కి తగ్గుతుంది. మోనే ఆ పెద్దరికాన్ని ముఖానికి ఇవ్వలేదు. పూరేకు మీద పడ్డ ఎండే పిల్లవాడి మీదా పడింది. మొక్కల పక్కన వాడెంత చిన్నవాడో కనిపించడం వల్లనే తోట ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలుస్తుంది.

నీడల్లో కూడా రంగు ఉంది. బాట మీద పడ్డ నీడకు నలుపు వాడలేదు. అది నీలంగా, ఊదాగా ఉంటుంది. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి ఎలా పెంచుతాయో రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే వివరించాడు. ఇక్కడ పసుపు పూలు నీలాకాశం పక్కన మరింత పసుపుగా వెలుగుతాయి. 1841లో పేటెంటు పొందిన లోహపు ట్యూబుల వల్ల రంగులు ఆరుబయటికి తీసుకుపోవడం సులువైంది. మోనే వంటి ఇంప్రెషనిస్టు చిత్రకారులు ఎండలోనే నిలబడి చిత్రాలు వేయగలగడానికి అదొక ముఖ్య కారణం.

సాటి ఇంప్రెషనిస్టు రెన్వార్ 1876లో వేసిన ‘నీళ్ల క్యాను పట్టుకున్న పాప’ కూడా వాషింగ్టన్ గ్యాలరీలోనే ఉంది. అందులో పాప గౌను తోట రంగుల్లో కలిసిపోయినా ముఖం మాత్రం స్పష్టంగా ఉంటుంది. రూపచిత్ర సంప్రదాయాన్ని రెన్వార్ అక్కడిదాకా నిలుపుకున్నాడు. మోనే ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ పిల్లలు బతికిన చోటునూ వేళనూ చిత్రించడమే వారిని చిత్రించడంగా భావించాడు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డ ఉన్న చిత్రమే అయినా, ఇందులో జాలి కోసం పెట్టిన గీత ఒక్కటీ లేదు.

1881 డిసెంబరులో ఆ పెద్ద కుటుంబం పువాసీకి, 1883లో జివెర్నీకి మారింది. జివెర్నీలో మోనే తోటను తానే తీర్చిదిద్ది, దశాబ్దాల పాటు దాన్నే చిత్రించాడు. చివరి దశలోని కలువల చిత్రాల్లో మనుషులు కనిపించరు. మనిషినీ మొక్కనూ ఒకే వెలుగులో సమానంగా చూసే ఆ చూపు వెతేయ్ బాట మీద పిల్లలుండగానే సిద్ధమైంది.