నూటికి నాలుగు రూపాయల వడ్డీ: క్రెడిట్ కార్డు అప్పు, ఉద్యోగి కుటుంబ బడ్జెట్టు

(రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠము)



కరువు భత్యము గురించి, ఖాళీల భర్తీ గురించి, పింఛను గురించి మాట్లాడుకొనుట మనకు అలవాటు. ఈనాడు నాకు అప్పగించిన విషయము వేరు. పోరాడి సాధించుకొన్న జీతము మన ఇంటి గడప తొక్కకముందే ఎటు పోవుచున్నది అన్నదే ఆ విషయము.

నేను రైల్వే మెయిల్ సర్వీసులో సార్టింగు పని చేసి పదవీ విరమణ పొందినవాడిని. కొన్ని సంవత్సరములు మన పొదుపు, పరపతి సంఘము కార్యవర్గములో వున్నాను. అప్పు దరఖాస్తులో “కారణము” అని ఒక గడి వుండును. పూర్వము అందులో కూతురి పెండ్లి, ఇంటి మరమ్మతు, భార్య ఆపరేషను అని వ్రాసెడివారు. చివరి సంవత్సరములలో ఎక్కువగా “చిల్లర అప్పులు తీర్చుటకు” అని కనబడసాగినది. ఆ చిల్లర అప్పులేమని అడిగితే తల వంచుకొనెడివారు.

ఒక సోదరుని సంగతి చెప్పెదను. పేరు అక్కరలేదు. మూడు కార్డులు. నాలుగేండ్లుగా ఒక్క నెల కూడ “కనీస మొత్తము” ఎగవేయలేదు. అందుచేత తాను సక్రమముగా అప్పు తీర్చుచున్నానని నమ్మినాడు. దరఖాస్తు వెనుకవైపు ఇద్దరము కూర్చుండి లెక్క వేసినాము. లెక్క పూర్తియైన పిమ్మట ఆయన చాలసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నగారూ, మరి ఇన్నాళ్లూ నేను కట్టినదంతా ఏమైనట్లు?” అని అడిగినాడు. ఇంట్లో భార్యకు ఈ కార్డుల సంగతే తెలియదట. ఆ ప్రశ్నకు సమాధానమే నా ఉపన్యాసము.

అప్పు కార్మికునికి కొత్త కాదు. 1929లో నియమితమై 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమిషన్, మన పారిశ్రామిక కేంద్రములలో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా కుటుంబములు అప్పులలో వున్నవనియు, అత్యధికుల అప్పు మూడు నెలల జీతమును మించియున్నదనియు అంచనా వేసినది. ఆ రోజులలో వడ్డీ వ్యాపారి జీతాల రోజున గేటు వద్ద లాఠీతో నిలబడెడివాడు. ఇప్పుడు గేటు వద్ద ఎవరూ లేరు. జీతము బ్యాంకు ఖాతాలో పడిన గంటలో సెల్‌ఫోనుకు ఒక సందేశము వచ్చును. లాఠీ కనబడదు గనుక, ఇది వడ్డీ వ్యాపారమని మనకు తోచదు.

కనుక ఈ వడ్డీని మన భాషలోనికి తెచ్చి చూతము. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకొందుము. రెండు రూపాయల వడ్డీ అంటే సరే అందురు. మూడు రూపాయలంటే ఆలోచించుమందురు. నాలుగు రూపాయలంటే, ఆ గుమ్మము తొక్కవద్దని పెద్దలు మందలించెదరు. చాల కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయల ప్రాంతములో వుండును. ఆ వడ్డీపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. కలుపుదురు. రెండును కలిసి నూటికి 4 రూపాయల 13 పైసలు. పెద్దలు వద్దన్న గుమ్మమే ఇది. రంగు మాత్రము మారినది.

లక్ష రూపాయల బకాయి వున్నదనుకొందాము. ఆ నెల వడ్డీ 3,500, పన్ను 630, వెరసి 4,130 రూపాయలు. కనీస మొత్తము నూటికి 5 వంతున 5,000 రూపాయలు అనుకొందాము. మీరు 5,000 కట్టినారు. అందులో అసలుకు జమ అయినది 870 రూపాయలు మాత్రమే. బకాయి తగ్గుచున్నకొలది కనీస మొత్తము కూడ తగ్గును. ఈ పద్ధతిలో కొత్తగా ఒక్క పైసా వాడకపోయినను, లక్ష బకాయి సగమగుటకు ఆరున్నర సంవత్సరములు దాటును. ఆ సోదరుడు కట్టినదేమైనదో ఇప్పుడు మీకు తెలిసినది. కనీస మొత్తము మాత్రమే కట్టుచున్నచో అప్పు నెలల తరబడి, ఏండ్ల తరబడి సాగునని బిల్లుపై హెచ్చరిక ముద్రించవలెనని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నాటి ఆదేశములలో నిర్దేశించినది. బిల్లు తెరచి చదివినవారికే ఆ హెచ్చరిక కనబడును.

ఇంకను రెండు సంగతులు గమనించవలెను. గడువులోగా పూర్తి బకాయి చెల్లించినవారికే వడ్డీలేని రోజులు వర్తించును. కొంత మిగిల్చినచో, ఆ తరువాత కొన్న పాల పొడి డబ్బాకు కూడ కొన్న రోజు నుండియే వడ్డీ పడును. రెండవది, కార్డుతో ఏ.టి.ఎం. నుండి నగదు తీసినచో మొదటి రోజు నుండియే వడ్డీ, దానికి తోడు రుసుము. దుకాణములో కార్డు గీకించి, కమీషను పోను నగదు పుచ్చుకొని, దానితో వేరొక కార్డుకు కట్టువారు కూడ మనలో వున్నారు. అది అప్పు తీర్చుట కాదు, అప్పునకు మరియొక వడ్డీ తగిలించుట.

ఈ వడ్డీకి చట్టము హద్దు విధింపదా అని మీరు అడుగవచ్చును. ఏడాదికి నూటికి 30 మించి వసూలు చేయుట అక్రమ వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పినది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసినది. కనుక హద్దు మన ఇంట్లోనే గీసుకొనవలసియున్నది.

ఇక చేయవలసినదేమి?

మొట్టమొదట దాపరికము మానవలెను. ఒక ఆదివారము భార్యాభర్తలిద్దరును కూర్చుండి ఒక తెల్లకాగితముపై ప్రతి అప్పును వ్రాయవలెను: ఎవరికి, ఎంత, నెలకు నూటికి ఎన్ని రూపాయల వడ్డీ, గడువు తేదీ ఏది. ఆ గంట కష్టముగానే వుండును. కాని ఇంటి ఖర్చు నడుపు మనిషికి తెలియని అప్పును ఏ బడ్జెట్టును తీర్చజాలదు. ఆ సోదరుడు ఇంటికి పోయి చెప్పిన రాత్రి ఆయన భార్య ఏడ్చినదట. మరునాడు ఆమెయే కలము పట్టుకొని కూర్చున్నదట.

రెండవది, కార్డు వాడకము ఆ రోజే ఆపవలెను. ఫోనులోని అంగడి యాప్‌లలో దాచియుంచిన కార్డు నంబరును తొలగించవలెను. చిల్లు పూడ్చకుండ కుండలో నీరు పోయుట వ్యర్థము.

మూడవది, ఇంటి లెక్క. ఉదాహరణకు చేతికి వచ్చు జీతము 48,000 రూపాయలు అనుకొందాము. అద్దె 9,000, బియ్యము, సరుకులు, పాలు, కూరగాయలు 14,000, పిల్లల చదువు 7,000, కరెంటు, గ్యాసు, ఫోన్లు 3,000, వైద్యము, రాకపోకలు 4,000, ఊళ్లో తల్లిదండ్రులకు 3,000. మొత్తము 40,000. మిగులు 8,000. ఇందులో వెయ్యి రూపాయలు విడిగా దాచవలెను. పిల్లవానికి జ్వరము వచ్చిన రోజున మళ్లీ కార్డు తీయకుండ కాపాడునది ఆ వెయ్యియే. తక్కిన 7,000 అప్పునకు. బిల్లులో కనీస మొత్తము ఎంత తగ్గినను ఈ 7,000 తగ్గరాదు. ఇట్లు కట్టినచో లక్ష బకాయి 22 నెలలు దాటిన వెంటనే తీరును, మొత్తము కట్టునది సుమారు 1,54,200 రూపాయలు. ఒకటికి మించి కార్డులున్నచో అన్నింటికి కనీస మొత్తము కట్టి, మిగిలినదంతా ఎక్కువ వడ్డీ వున్నదానికి కట్టవలెను. అది తీరగానే ఆ సొమ్మును రెండవదానిపైకి మరల్చవలెను.

నాలుగవది, హెచ్చు వడ్డీ అప్పును తక్కువ వడ్డీకి మార్చుట. మన పరపతి సంఘములు ఇందుకొరకే పుట్టినవి. ఈ దేశములో సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది వడ్డీ వ్యాపారి నుండి సామాన్యుని తప్పించుటకే. సంఘములో ఏడాదికి నూటికి 12 వడ్డీకి, అనగా మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీకి, అప్పు దొరికినదనుకొందాము. నెలకు అదే 7,000 కట్టినచో 16 నెలలలో తీరును, మొత్తము సుమారు 1,08,450 రూపాయలు. తేడా దాదాపు 45,800. ఒక బిడ్డ కళాశాల ఫీజు అది. తపాలా జీవిత బీమా పాలసీపై అప్పు, బ్యాంకులో బంగారముపై అప్పు కూడ పోల్చి చూడదగినవి. కార్డు అప్పునే వాయిదాలుగా మార్చెదమని బ్యాంకువారు చెప్పినచో రుసుము, పన్ను కలిపి మొత్తము ఎంతయగునో అడిగి తెలిసికొనవలెను. ఫోనులో నిమిషములో అప్పిచ్చు యాప్‌ల వైపు మాత్రము చూడరాదు.

ఒక హెచ్చరిక. సంఘము అప్పునకు తోటి ఉద్యోగులు జామీను వుందురు. మనము ఎగవేసినచో కోత పడునది వారి జీతములో. కనుక సంఘము సొమ్ముతో కార్డు బకాయి తీరిన రోజే, ఆ కార్డు రద్దు చేయుమని వ్రాతపూర్వకముగా కోరవలెను. బకాయి లేనిచో ఏడు పనిదినములలో రద్దు చేయవలెననియు, ఆలస్యమైనచో రోజుకు 500 రూపాయలు ఖాతాదారునికి చెల్లించవలెననియు 2022 ఆదేశములలో రిజర్వు బ్యాంకు నిర్దేశించినది. ఖాళీ అయిన కార్డును జేబులో వుంచుకొన్నవారు మళ్లీ నింపుకొని రెండు అప్పులతో సంఘము మెట్లెక్కుట నేను చూచినాను.

దసరా బోనసు సంగతి కూడ చెప్పవలెను. రైల్వే ఉద్యోగులకు 2025లో ప్రకటించిన 78 రోజుల బోనసు గరిష్ఠముగా 17,951 రూపాయలు. తపాలా వారి లెక్క వేరు. ఎంత వచ్చినను అందులో పెద్ద భాగమును అసలుకు జమ చేసినచో నెలలు తగ్గును. పండుగ మానుమని నేను చెప్పను. పండుగను అప్పుతో చేయవద్దని మాత్రమే చెప్పుచున్నాను.

కట్టలేని స్థితి వచ్చినప్పుడు భయపడి దాగరాదు. బ్యాంకునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేయరాదనియు, బెదిరింపరాదనియు, బంధుమిత్రుల ఎదుట అవమానింపరాదనియు రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఆదేశించినది. బ్యాంకునకు ఫిర్యాదు చేసిన 30 రోజులలో సమాధానము రానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. డబ్బు లేక అప్పు కట్టలేకపోవుట అంతమాత్రమున నేరము కాదు. కోర్టు డిక్రీ వచ్చినను, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారము జీతములో మొదటి 1,000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును జప్తు నుండి మినహాయింపు పొందును. భరణము డిక్రీలకు మాత్రము ఈ లెక్క వేరు.

అయితే మన ఉద్యోగమునకు సంబంధించిన ఒక నియమము మరువరాదు. తపాలా ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలోను, రైల్వే ఉద్యోగులకు 1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తన నియమావళిలోను 17వ నియమము వున్నది. ఉద్యోగి అలవాటుగా అప్పులపాలు కాకుండ తన వ్యవహారములు నడుపుకొనవలెననియు, అప్పు వసూలుకు కోర్టు చర్య మొదలైనచో పూర్తి వివరములు ప్రభుత్వమునకు తెలుపవలెననియు దాని సారాంశము. అందుచేత కోర్టు నోటీసును బీరువాలో దాచుట అప్పు కంటె ప్రమాదకరము. నోటీసు అందిన రోజే యూనియను కార్యాలయమునకు రండి.

చివరిగా, ఇది ఒక్క ఉద్యోగి బలహీనత మాత్రమే కాదు. ఒకప్పుడు పండుగకు వడ్డీలేని అడ్వాన్సు వుండెడిది. ఏడవ వేతన సంఘము సిఫార్సుపై 2016లో అటువంటి అడ్వాన్సులు చాల వరకు రద్దయినవి. 2020లో ఒక్కసారికి మాత్రము 10,000 రూపాయల పండుగ అడ్వాన్సు ఇచ్చినారు. వడ్డీలేని సొమ్ము తలుపు మూసిన చోట నాలుగు రూపాయల వడ్డీ తలుపు తెరచుకొన్నది. ఆ అడ్వాన్సుల పునరుద్ధరణ కోరుట మన హక్కు. పరపతి సంఘములను బలపరచుకొనుట మన బాధ్యత. ప్రతి శాఖలోను లెక్క తెలిసిన ఒక సోదరుడో సోదరియో నెలకొక సాయంత్రము కూర్చుండి, తోటివారి బిల్లులు చదివిపెట్టుటకు మహాసభలు, తీర్మానములు అక్కరలేదు.

ఆ సోదరుడు చివరి వాయిదా కట్టిన రోజున భార్యతో కలిసి సంఘము కార్యాలయమునకు వచ్చినాడు. ఆదివారము వ్రాసిన ఆ తెల్లకాగితము ఆమె చేతిలో వున్నది. ప్రతి పద్దు కొట్టివేసియున్నది. “అన్నగారూ, ఈ కాగితము మీ వద్ద వుంచండి, ఇంకెవరికైనా చూపండి” అన్నది ఆమె. పేర్లు చింపివేసి దానిని నేటి వరకు దాచినాను. ఈ తరగతి ముగిసిన తరువాత కావలసినవారు వచ్చి చూడవచ్చును. తల వంచుకొని రానక్కరలేదు.