ఈ ఏడాది మా ఫొటోల లెక్క

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక పొదుపు సంఘం సభ్యులు కలిసి రాసుకుని చదివిన ప్రసంగం)



ఏటా మేము ఇక్కడికొచ్చి పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదివి కూర్చుంటాం. ఆ లెక్కలు ఈసారి కూడా నివేదికలో అచ్చయినాయి. వాటిని మళ్లీ చదివి మీ టైము తినం. ఈసారి సమాఖ్య వాళ్లు ‘గడిచిన ఏడాది మీ సొంత జీవితం ఎట్లా గడిచిందో ఫొటోలు చూసుకుని చెప్పండి’ అన్నారు. మాకు ముందు నవ్వొచ్చింది. సొంత జీవితానికి ఫొటోలేంటి, పెళ్లిళ్లకీ పేరంటాలకీ తప్ప అనుకున్నాం.

అయినా ఒప్పుకున్నాం గనక ఒక ఆదివారం మధ్యాహ్నం రామాలయం అరుగు మీద కూర్చున్నాం. మాలో ఆరుగురికి టచ్ ఫోన్లు ఉన్నాయి. ఇద్దరివి నొక్కుడు ఫోన్లు. మిగతావాళ్లు కొడుకు ఫోనో కూతురి ఫోనో పట్టుకొచ్చారు. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఫొటోలు ఒక్కొక్కటే జరుపుకుంటూ పోయాం. గంటలో అయిపోయిద్ది అనుకున్నది దీపాలు పెట్టే వేళ దాకా సాగింది.

పండగల ఫొటోల గురించి ఎక్కువ చెప్పం. అవి అందరి ఫోన్లలో ఒకటే. సంక్రాంతి ముగ్గు, గొబ్బెమ్మలు, శ్రావణ శుక్రవారం కలశం, కార్తీక పౌర్ణమికి గుడి ముందు దీపాలు. మనవళ్లు ముఖానికి కుందేలు చెవులు పెట్టి తీసినవి లెక్కలేనన్ని.

వాటిని పక్కన పెట్టి చూస్తే మా ముఖాలు కనిపించే ఫొటోలు చాలావరకు ఎవరికో రుజువు చూపించడానికి తీసినవే. ఎండాకాలం ఉపాధి పనికి పోతే మేటీ అందరినీ వరసలో నిలబెట్టి పొద్దున ఒకసారి, ఆ తర్వాత ఒకసారి ఫొటో తీసి ఫోనులో ఎక్కించేది. ఈ ఫోను హాజరు 2021లో మొదలైంది, 2023 జనవరి నుంచి అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. మాలో ముగ్గురు ఆ వరసలో ఉన్నారు. తలకి తువ్వాలు, చేతిలో పలుగు, ఎండకి కళ్లు చిట్లించి ఉన్నారు. మేటీ మా వదినే గనక ఆ కాపీలు ఆమె దగ్గర మిగిలాయి. ‘నవ్వండే’ అని ఎవరూ అనని ఫొటోలు అవి.

గేదెకి బీమా చేయించినామె దగ్గర గేదె పక్కన నిలబడ్డ ఫొటో ఉంది. అందులో చూడాల్సింది ఆమెని కాదు, గేదె చెవికున్న ట్యాగుని. ఆ నంబరు కనపడాలని గేదె తల తిప్పి పట్టుకుని ఆమె సగం బయటికి పోయింది. ఇల్లు కట్టుకునే ఆమె దగ్గర పునాది దగ్గర ఒకటి, గోడలు లేచాక ఒకటి, స్లాబు పడ్డాక ఒకటి. అట్లా ఫొటో ఎక్కితేనే బిల్లు పడేది. మాలో ఒక ఒదినెకి సిమెంటు పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయాయి, మిషను మీద పడవు. ఆమెకి ప్రతిసారీ ముఖం చూపించమంటారు. ‘కళ్లార్పమ్మా’ అంటే ఆర్పుతుంది, అంతే.

ఇవన్నీ తప్పని మేము అనటంలేదు. రుజువు లేకపోతే మన కూలి ఇంకొకరి పేరున పోయిద్ది, ఆ రోజులూ చూశాం. మేం చెప్పేదేంటంటే, ఏడాది తిరిగేసరికి మన దగ్గర మిగిలిన మన ముఖం చాలాసార్లు అదే.

ఇంకొక రకం ఫొటోలు కూడా బయటపడ్డాయి. మాలో ఒకామె ఫోనులో శ్రావణం, భాద్రపదం రెండు నెలల్లో మనుషుల ఫొటో ఒక్కటీ లేదు. ఎక్స్‌రే, రక్తపరీక్ష కాగితం, మందుల చీటీ, బిల్లు, మళ్లీ బిల్లు, వార్డు గోడ మీద అంటించిన డాక్టరు వచ్చే టైముల కాగితం. ఆమె ఇంటాయన బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగినప్పటివి. హైదరాబాదులో ఉన్న కొడుకుకి పంపడానికి తీసింది. మా మినిట్స్ పుస్తకంలో ఆ నెల ఒకటే వాక్యం ఉంది: ‘వైద్య ఖర్చుల నిమిత్తం సభ్యురాలికి రూ. 30,000 అప్పు ఇచ్చుటకు తీర్మానించడమైనది.’ ఆ వాక్యం రాసేటప్పుడు మేమంతా అక్కడే ఉన్నాం. అయినా ఆ బిల్లులు వరసగా చూస్తుంటే ఆ నలభై రోజులు ఆమె ఎట్లా నెట్టుకొచ్చిందో మాకు ఆ ఆదివారమే తెలిసింది. ఒక బిల్లు మూలన ఆమె బొటనవేలు పడింది. గోరు చివర్లో ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఎరుపు ఇంకా ఉంది. ‘ఇయ్యన్నీ తీసేద్దునా అక్కా, ఫోను నిండిపోయింది’ అని అడిగింది. తీసెయ్యమ్మా అన్నాం. ఆ వేలున్న బిల్లొకటి మాత్రం ఉంచుకుంది.

ఇక అసలు సంగతి. మా సంఘంలో అందరికంటే పెద్దామె, మేమంతా పెద్దక్క అనేవాళ్లం, మాఘమాసంలో కాలం చేసింది. సంఘం పెట్టిన రోజు నుంచి ఉన్న మనిషి. వారం వారం మీటింగుకి అందరికంటే ముందొచ్చి చాప పరిచేది. పెద్దకర్మకి దండ వెయ్యడానికి ఫొటో కావాలని వాళ్ల అమ్మాయి ఇల్లంతా వెతికింది. ఆధార్ కార్డు మీదున్నది ఒకటి, అందులో తల్లిని కూతురే గుర్తుపట్టలేదు. రెండోది బ్యాంకు లింకేజీ రోజు మేనేజరుతో మేమంతా దిగిన గ్రూపు ఫొటో. అందులో వెనక వరసలో సగం ముఖం.

పెద్దక్కకి ఫొటో అంటే పడేది కాదు. ‘ఊరికే ఫొటోలు దిగితే ఆయుష్షు తగ్గుద్దే’ అనేది. ఆ మాట మన పెద్దవాళ్లు చాలామంది అన్నదే. డిగ్రీ చదివే మా పిల్ల ఒకటి చెప్పింది, 1892లోనే హైదరాబాదులో రాజా దీనదయాళ్ అనే పేరుమోసిన ఫొటోగ్రాఫరు ఘోషాలో ఉండే ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో పెట్టించి, అందులో ఫొటోలు తీసే పనికి ఒక ఇంగ్లీషు ఆవిడని పెట్టాడంట. అది గొప్పిళ్ల వాళ్ల సంగతి. మన అమ్మమ్మల ఫొటోలు మన ఇళ్లల్లో ఎన్నున్నాయో ఎవరికి వాళ్లు లెక్క చూసుకోవచ్చు.

ఆ గ్రూపు ఫొటోలోంచి స్టూడియో అబ్బాయి పెద్దక్క ముఖం కోసి, పెద్దది చేసి, కంప్యూటర్లో సరిచేశాడు. పట్టుచీర కట్టించాడు. మెళ్లో హారం పెట్టాడు. నుదుట ఎర్రటి బొట్టు పెట్టాడు. ముడతలన్నీ తీసేశాడు. పెద్దక్క మొగుడు పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఆ తర్వాత ఆమె బొట్టు పెట్టుకోలేదు, పట్టుచీర ఎప్పుడు కట్టిందో మాకెవరికీ తెలియదు. పటం ఇంటికి రాగానే వాళ్లమ్మాయి చూసి ‘ఈమె మా అమ్మ కాదు’ అని పక్కకి తిరిగి ఏడ్చింది. మాలో కొంతమందిమి బాగుంది, మహాలక్ష్మిలా ఉంది అన్నాం. ‘బతికినన్నాళ్లూ పెట్టనివ్వని బొట్టు పోయాకన్నా పెట్టారు, ఉండనియ్యండి’ అని ఒకామె గట్టిగానే అంది. ఇంకొంతమందికి ఆ పటం వంక చూడబుద్ధి కాలేదు. దీని మీద మాలో ఇప్పటికీ రెండు మాటలున్నాయి, ఒకటి చేసి చెప్పం.

ఆ ఆదివారం అరుగు మీద ఫొటోలు జరుపుతుంటే, మిరప కౌలుకు వేసిన చెల్లి ఫోనులో ఒకటి దొరికింది. కార్తీకంలో పూతకి నల్లతామర పురుగు పడితే, వ్యవసాయ సహాయకుడికి పంపడానికి నాలుగైదు ఫొటోలు తీసింది. పువ్వు దగ్గరగా ఒకటి, ముడుచుకున్న ఆకు ఒకటి, సాలంతా కనపడేట్టు ఒకటి. ఆ సాలు చివర పెద్దక్క నిలబడి ఉంది. కలుపుకొచ్చింది ఆ రోజు. నెత్తిన తువ్వాలు, పైట నడుముకి దోపి, ఒక చేత్తో గడ్డి, నోరు తెరిచి నవ్వుతోంది. ఎవరేమన్నారో, ఎందుకు నవ్విందో చెల్లికి గుర్తులేదు. పై వరస పళ్లల్లో ఒకటి లేదు, అదీ కనపడుతోంది. అందరం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చూశాం. అప్పటికప్పుడు వాళ్లమ్మాయిని పిలిపించాం. ఆమె ఏం మాట్లాడలా, ఫోను తీసుకుని చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది.

ఆ ఫొటో కాగితం మీద తీయిద్దామని పోతే ఒక సంగతి తెలిసింది, మీకూ పనికొస్తుందని చెబుతున్నాం. వాట్సాప్‌లో పంపిన ఫొటో పెద్దది చేస్తే అలుక్కుపోయింది. వాట్సాప్ ఫొటోని పలచన చేసి పంపుతుంది. అసలుది చెల్లి ఫోనులోనే ఉండబట్టి సరిపోయింది, ముఖం స్పష్టంగా వచ్చింది. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పెట్టి పంపితే అసలు ఫొటో అట్లాగే పోతుందని స్టూడియోలో చెప్పారు. ఇప్పుడు పెద్దక్క ఇంట్లో రెండు ఫొటోలున్నాయి. గోడ మీద దండ వేసింది పట్టుచీరది. మిరపచేలోది వాళ్లమ్మాయి బీరువాలో, తల్లి చీరల మధ్య పెట్టుకుంది.

ఆ రోజే ఇంకొకటి కూడా గమనించాం. మా అందరిలో మంచి ఫోను ఉన్నది మా రెండో లీడరుకి. ఏ మీటింగైనా, ఎవరి ఇంట్లో శుభకార్యమైనా ఫొటోలు తీసేది ఆమే. ఏడాది మొత్తం ఆమె ఫోనులో ఆమె లేదు. ఒకచోట మాత్రం, సాయంకాలం ఎండలో మేమంతా నిలబడి ఉంటే మా కాళ్ల దగ్గర నేల మీద ఆమె నీడ పడింది, రెండు చేతులూ పైకెత్తి ఫోను పట్టుకున్నట్టు. ‘పోన్లే, నీడన్నా వచ్చింది’ అని ఆమే నవ్వింది.

అట్లాగే, ఆవకాయ పెట్టిన జాడీల ఫొటోలున్నాయి, ముక్కలు కొట్టిన చేతులు లేవు. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఫొటోలున్నాయి, గుంటూరు యార్డుకి పోయే టిక్కీల ఫొటోలున్నాయి. కల్లంలో పొద్దస్తమానం గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరిన వాళ్లు ఒక్కదాంట్లో లేరు. చేతులు మండుతుంటే ఫోనెవరు పట్టుకుంటారు అనుకోండి.

అందుకని ఒక పని మొదలుపెట్టాం. పంచసూత్రాల్లో ఫొటో లేదు గానీ మేము పెట్టుకున్నాం. నెలకి ఒక మీటింగులో ఎవరో ఒకరు, వేరే వాళ్ల ఫోనుతో, ఆ నెలలో చేసిన పనిలో ఉండగా మాలో ఒకరిని తీస్తారు. తయారవడం లేదు, చీర మార్చడం లేదు. తీసే మనిషి ప్రతి నెలా మారాలి. ఇప్పటికి రెండే అయినాయి. ఒకటి తాలు ఏరుతుండగా, ఒకటి మా రెండో లీడరు పొయ్యి ఊదుతుండగా. కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి ఆమెకి, పొగకే. ఆ రెండూ స్టూడియోలో తీయించి, వెనక మెత్తటి పెన్సిలుతో పేరు, నెల, ఏం పని అని రాశాం. బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీత లేస్తుంది, చూసుకోండి. లామినేషన్ వద్దనుకున్నాం. మా ఇళ్లల్లో లామినేషన్ చేయించిన పాత ఫొటోలు కొన్ని లోపల తేమ పట్టి బుడగలొచ్చాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన ఫోనులో ఫొటోలన్నీ ఉంటాయి గనకే కొంతమంది దుర్మార్గులు వాటి మీద పడతారు. ఆధారం లేని అప్పుల యాప్‌లు గ్యాలరీ, ఫోన్ నంబర్లు చూసే అనుమతి అడిగి, వాయిదా తప్పితే ఆడవాళ్ల ఫొటోలు మార్చి చుట్టాలందరికీ పంపుతామని బెదిరించిన సంగతులు మీరూ విన్నారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని ఫొటోలు, నంబర్ల జాబితా చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే ఆదేశం ఇచ్చింది. అడిగిందంటే అది సరైనది కాదని అర్థం. ఎవరికైనా అట్లాంటి బెదిరింపు వస్తే సిగ్గుపడి దాచుకోవద్దు, 1930 నంబరుకి ఫోను చేయండి, సంఘంలో చెప్పండి. మా పుస్తకంలో ఫొటో అంటించే ముందు కూడా ఆ మనిషిని అడుగుతాం. మాలో ఒకామె వద్దంది, ఆమెది తియ్యలేదు.

ఆ ఫొటోల పుస్తకం మినిట్స్ పుస్తకంతో పాటు సంఘం పెట్టెలోనే ఉంటుంది. పెద్దక్క ఫొటో కాపీ ఒకటి వాళ్లమ్మాయి మాకిచ్చింది, అది మొదటి పేజీలో పెట్టాం. పుస్తకం ఇవాళ తీసుకొచ్చి ఆ మూల బల్ల మీద ఉంచాం. భోజనాలయ్యాక చూడండి. చేతులు కడుక్కుని, తుడుచుకుని చూడండి, పప్పు మరకలు పోవు.