ఫిడేలు కుర్చీలో మాండొలిన్
(మాండొలిన్ శ్రీనివాస్ స్మృతిలో సిరికొండలో చేసిన ప్రసంగ పాఠం)



మన వైపు పల్లెల్లో కర్ణాటక కచేరీ పెద్దగా అలవాటు లేని సంగతి. మనకు తెలిసిన సంగీతం ఒగ్గుకథ, భజన మండలి హార్మోనియం, పెండ్లి ఊరేగింపులో బ్యాండు మేళం. అయినా మాండొలిన్ శ్రీనివాస్ పేరు ఇక్కడి ఇండ్లకు వచ్చింది. క్యాసెట్ల మీద వచ్చింది. దుబాయికి, మస్కట్‌కు పోయినవాళ్లు సెలవు మీద వచ్చేటప్పుడు రెండు స్పీకర్ల టేప్‌రికార్డర్లు తెచ్చేవారు. దాంట్లో వేయడానికి నిజామాబాద్ బజారులో క్యాసెట్లు కొనేవారు. సినిమా పాటల వరసలోనే, బొద్దుగా, నుదుట విభూతితో, ఒళ్లో చిన్న వాయిద్యంతో ఉన్న పిల్లవాడి బొమ్మ క్యాసెట్టూ ఉండేది. అందులో ఏ రాగం ఉందో కొన్నవాడికీ అమ్మినవాడికీ పట్టేది కాదు. అది మోగితే ఇల్లు నిండుగా ఉండేది, అంతే.

ఆ పిల్లవాడు పెద్దవాడై ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నాడన్నదే ఈ పొద్దు నా మాట. ఆయన కూర్చున్న చోటు అంతకు ముందు ఫిడేలుది. కాబట్టి కథ ఫిడేలు నుంచే మొదలుపెట్టాలి.

1960ల చివర అమెరికాలో జాజ్ వాయించేవాళ్లు కొందరు రాక్ సంగీతంలోని కరెంటు గిటార్లను, పిడుగుల్లాంటి డ్రమ్ములను తమలోకి తెచ్చుకున్నారు. జాజ్ అంటే రాగాలాపనలాగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే సంగీతం అనుకోండి. దానికి రాక్ హోరు తోడైతే వచ్చిందే జాజ్-రాక్. మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్ విద్వాంసుడి దగ్గర ఆ పని చేసినవారిలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి వెళ్లిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఒకరు. ఆయన 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పేరుతో సొంత బృందం కట్టారు. అందులో గిటారుకు ఎదురుగా నిలబెట్టింది ఫిడేలును. జెర్రీ గుడ్‌మన్ వాయించేవారు. తరవాత 1974లో ఆ జాగాలోకి ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్-లూక్ పాంటీ చేరారు. బిల్లీ కోభమ్ లాంటి డ్రమ్మరు పక్కన మామూలు ఫిడేలు వినబడదు. తీగల కింద పికప్ పెట్టి, కరెంటిచ్చి వాయించాల్సిందే.

ఈ హోరులో ఉంటూనే మెక్‌లాఫ్లిన్ మన సంగీతం వైపు తిరిగారు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. 1975లో బృందం మొత్తం మార్చేసి ‘శక్తి’ని పెట్టారు. జాకీర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం, మొదట్లో రామ్‌నాడ్ రాఘవన్ మృదంగం. ఫిడేలు ఎల్. శంకర్‌ది. ఈయన మద్రాసులో పుట్టి, సిలోన్‌లో పెరిగారు. తండ్రి వి. లక్ష్మీనారాయణ అయ్యరే గురువు. ఎల్. వైద్యనాథన్, ఎల్. సుబ్రహ్మణ్యం ఈయన అన్నలు. 1975 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్ కాలేజీలో వాయించినదాన్ని మరుసటి ఏడు రికార్డుగా విడుదల చేశారు. అదే ఏడు ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ’, 1977లో ‘నేచురల్ ఎలిమెంట్స్’ వచ్చాయి. 1978కల్లా బృందం చెదిరిపోయింది. మూడు రికార్డులు, మూడేండ్లు. యాభై ఏండ్లయినా వాటి గురించే మాట్లాడుకుంటున్నాం.

ఆ బృందంలోని గిటారును మీరొకసారి దగ్గరగా చూడాలి. మెక్‌లాఫ్లిన్ దాన్ని ప్రత్యేకంగా చేయించుకున్నారు. మెట్టుకూ మెట్టుకూ మధ్య చెక్కను గుంటలాగా తొలిపించారు. తీగను ఆ గుంటలోకి అదిమితే స్వరం సాగుతుంది, ఊగుతుంది. అంటే గమకం కోసం పడ్డ పాటు అది. సితారుకు ఉండే తరపుల్లాగా ఏడు తీగలు అడ్డంగా బిగించారు. అంత చేసినా పక్కన శంకర్ ఫిడేలు మీద మెట్లే లేవు, వేలు ఎటు జారిస్తే స్వరం అటు పోతుంది. గిటారు ఎంతో కష్టపడి చేరే చోట ఫిడేలు అప్పటికే కూర్చుని ఉంటుంది. శక్తి రికార్డుల్లోని అందం సగం ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

శంకర్ తరవాత 1979లో ఫ్రాంక్ జాపా నిర్మాణంలో ‘టచ్ మీ దేర్’ చేశారు. పది తీగలతో, రెండు మెడలతో జంట ఫిడేలు చేయించుకున్నారు. 1989లో పీటర్ గేబ్రియల్ ‘ప్యాషన్’ రికార్డులో దాన్ని వాయించారు. ఆ జంట ఫిడేలు మీద వేరే ఉపన్యాసమే చేయొచ్చు. ఇవాళ వదిలేస్తాను.

ఫిడేలు ఒక్కటే సభను నిలబెట్టగలదన్న ధైర్యం మన తెలుగువాళ్లకు అంతకు ముందే ఇచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులయ్యారు. గాయకుడి పక్కన కూర్చుని అనుసరించే వాద్యాన్ని వేదిక నడుమకు తెచ్చి, ఒంటరి కచేరీలు చేసినవారు. ఆయనకు పాశ్చాత్య వాదనం మీద గౌరవం ఉండేది. కమాను పట్టులో ఆ నాదశుద్ధి తెలుస్తుంది. యెహూదీ మెనూహిన్ మద్రాసులో ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నారు. మనది కాని వాయిద్యాన్ని మనదిగా చేసుకోవడం తెలుగునాట కొత్త కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక పాలకొల్లు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు, మాండొలిన్ కూడా వాయించేవారు. క్లారినెట్ అంటే మన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు, పెండ్లి బ్యాండులో ముందు నడిచే నల్లటి పొడుగు సన్నాయి. ఆ ఇంట్లో మాండొలిన్ ఆరేండ్ల పిల్లవాడి చేతికి దొరికింది. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లవాడి చేతివాటం చూసి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడే ఉంది అసలు కిటుకు. గురువుకు మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగల మీద వెదుక్కునేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు కాబట్టి, ఇక్కడ పెట్టొద్దని చెప్పేవారూ లేకపోయారు. గొంతులో ఏం పలికితే అది తీగ మీద పలకాలి, అంతే లెక్క. వాసూరావు అనే సంగీతకారుడు పాశ్చాత్య సంగీతం కూడా రుచి చూపించారు.

మాండొలిన్ ఇటలీ వాయిద్యం. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటితే టింగుమని మోగి వెంటనే ఆరిపోతుంది. అందుకే దాని మీద గబగబా మీటి, గణగణలాడించి నాదం నిలిచినట్టు భ్రమ కలిగిస్తారు. సినిమా పాటల్లో మనం విన్నదంతా అదే. కర్ణాటక సంగీతానికి అది పనికిరాదు. తోడి రాగంలో గాంధారం ఊగాలంటే తీగ మోగుతూ ఉండాలి, మోగుతున్న తీగ మీద వేలు జారాలి. జంట తీగల మీద ఆ జారుడు కుదరదు, రెండూ ఒక్క శ్రుతిలో సాగవు. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, వాటిని ఐదు చేసుకున్నారు. గుల్లగా ఉండే బుర్ర బదులు గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. ఆంప్లిఫయర్ నాదాన్ని పట్టి నిలిపితే, ఎడమచేతి వేలు మెట్ల మీద జారి గమకం పలికింది.

ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ రాక్ హోరు నుంచి వచ్చిన పెద్ద విద్వాంసుడు గమకం కోసం కరెంటు గిటారును పక్కనపెట్టి చెక్క తొలిపించుకుంటున్నాడు. ఇక్కడ గోదావరి జిల్లాలో బ్యాండు కుటుంబంలోని పిల్లవాడు అదే గమకం కోసం కరెంటు పట్టుకున్నాడు. ఫ్యూజన్ అనే మాట ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరమూ లేకపోయింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. తొమ్మిదేండ్లు. 1981లో మద్రాసు డిసెంబరు సీజనులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. ఆంప్లిఫయర్ పెట్టుకుని వచ్చే ఈ వాయిద్యమేమిటని ముక్కు విరిచినవారు ఉన్నారు. వర్ణం వాయించాక చాలామంది సర్దుకున్నారు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలుపు వచ్చింది. అరగంట సమయమిచ్చారు. సభ లేవనివ్వలేదు, గంట దాటింది. జాజ్ వినడానికి వచ్చిన జర్మన్ల ముందు పద్నాలుగేండ్ల పిల్లవాడు వాయించింది జాజ్ కాదు, కర్ణాటక సంగీతమే. ఆయన కెరీర్ మొత్తానికి నేను పట్టుకునే దారం ఇదే. ఆయన జాజ్ దగ్గరికి తన రాగాన్ని వదిలి వెళ్లలేదు.

రికార్డింగుల సంగతికి వస్తే, 1980లంతా క్యాసెట్లే. మన ఇండ్లకు వచ్చినవి అవే. 1994లో పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ ‘రామ శ్రీరామ’ను తెచ్చింది. అది శుద్ధమైన కచేరీ సంగీతం. మరుసటి ఏడు అదే సంస్థ నుంచి కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ వచ్చింది. మెచ్చుకున్నవారు చాలామందే. నాకు మాత్రం అందులో మాండొలిన్ మంచులో తిరుగుతున్నట్టు ఉంటుంది. చుట్టూ నాదం చాలా ఉంది, ఎదురు చెప్పే మనిషి లేడు. శ్రీనివాస్‌కు ఎదురుగా ఒకరు ఉండాలి.

ఆ ఎదుటి మనిషి 1990ల చివర దొరికారు. మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్ పాత శక్తిని ‘రిమెంబర్ శక్తి’ పేరుతో 1997లో మళ్లీ మొదలుపెట్టారు. మొదటి పర్యటనలో హరిప్రసాద్ చౌరాసియా వేణువు. తరవాత శ్రీనివాస్ చేరారు. ఘటం జాగాలో వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్ కంజీర పట్టుకుని కూర్చున్నారు, అక్కడ తండ్రి తరవాత కొడుకు. ఫిడేలు జాగాలోకి మాత్రం మద్రాసు ఫిడేలు ఇండ్ల నుంచి ఎవరూ రాలేదు, పాలకొల్లు బ్యాండు ఇంటి నుంచి వచ్చారు. విడ్డూరమేమిటంటే, సొంత కచేరీలో శ్రీనివాస్ పక్కన ఫిడేలే పక్కవాద్యంగా ఉండేది. ఇక్కడ ఫిడేలు లేని చోట ఆ భారం మాండొలిన్ మోసింది.

ఎట్లా మోసిందో తెలియాలంటే ఒక్క రచన చాలు. ‘లోటస్ ఫీట్’ మెక్‌లాఫ్లిన్ రచన. 1976లో వచ్చిన శక్తి తొలి రికార్డులో ఉంది, ఐదు నిమిషాలు కూడా ఉండదు. 2000లో వచ్చిన ‘ద బిలీవర్’లో మళ్లీ ఉంది. నెమ్మదైన వరస, బడిపిల్లలు కూడా కూనిరాగం తీయగలిగినంత సులువు. ఫిడేలు మీద అది కమాను లాగినంత సేపు తెగకుండా సాగుతుంది. మాండొలిన్‌కు ఆ వసతి లేదు. ప్రతి స్వరానికీ మీటు ఉండాలి, మీటు పడగానే నాదం తగ్గడం మొదలవుతుంది. శ్రీనివాస్ ఏం చేస్తారంటే ఒక మీటు వేసి, అది ఆరిపోయేలోపల వేలిని పై స్వరానికి జార్చి, అక్కడి నుంచి దించుతారు. మీటులు తగ్గిస్తారు. ఎంత వేగంగానైనా వాయించగల మనిషి మీటకుండా ఆగడం ఆ రికార్డులో చెవులారా వినబడుతుంది.

అందరూ చప్పట్లు కొట్టేది వేరే చోట. గిటారు ఒక ముక్క వాయిస్తే మాండొలిన్ తిరిగి ఇస్తుంది, ముక్కలు చిన్నవవుతూ పోతాయి, చివర తబలా అందుకుంటుంది. సవాల్-జవాబ్. మొదటిసారి వింటే ఒళ్లు పులకరిస్తుంది. ప్రతి కచేరీలోనూ అదే వస్తే కొంచెం సర్కసులాగా ఉంటుందని అనకుండా ఉండలేను.

2000 డిసెంబరులో ముంబయిలో వాయించినది ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’గా 2001లో వచ్చింది. ఇందులో శంకర్ మహదేవన్ గొంతు కలిసింది. దీంట్లో ‘గిరిరాజ సుధ’ అన్న అంశం ఉంది. పేరు రాసిన తీరు చూసి మోసపోకండి, అది బంగాళ రాగంలో త్యాగరాజస్వామి సంస్కృత కీర్తనే. జాజ్ గిటారు, తబలా, కంజీరల మధ్య ఆ కీర్తన చెక్కుచెదరకుండా కూర్చుంది. 2008లో శ్రీనివాస్ సొంతంగా ‘సంజనిత’ చేశారు. మెక్‌లాఫ్లిన్ చెన్నైలో రికార్డు చేసిన ‘ఫ్లోటింగ్ పాయింట్’లో తమ్ముడు యు. రాజేశ్ మాండొలిన్ వాయించారు. 1998లో పద్మశ్రీ, తరవాత సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. ఈ మధ్యలో గుళ్లలో, సభల్లో కచేరీలు ఆగలేదు. శిష్యులకు పాఠమూ ఆగలేదు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ మార్పిడి తరవాత వచ్చిన చిక్కులతో పోయారు. నలభై ఐదేండ్లు.

ఆ తరవాత మెక్‌లాఫ్లిన్, జాకీర్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్ మళ్లీ కలిసినప్పుడు ఆ జాగాలో ఎవరిని కూర్చోబెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మరో మాండొలిన్‌ను తేలేదు. గణేశ్-కుమరేశ్ జంటలోని గణేశ్ రాజగోపాలన్ ఫిడేలు వచ్చింది. 2023లో ‘దిస్ మొమెంట్’ విడుదలైంది, 2024 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. ఆ రికార్డులో మొదటి అంశం పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. అదే రికార్డులో త్యాగయ్య ‘గిరిరాజ సుధ’ మళ్లీ ఉంది, ఈసారి ఫిడేలుతో. 2024 డిసెంబరులో జాకీర్ కూడా పోయారు.

ఇంక మాటలు చాలు. మైకు పక్కన స్పీకర్లు కట్టి ఉంచాం. మొదట 1976 నాటి ‘లోటస్ ఫీట్’, తరవాత 2000 నాటిది, ఆ తరవాత ‘గిరిరాజ సుధ’ మాండొలిన్‌తో ఒకసారి, ఫిడేలుతో ఒకసారి వినిపిస్తాను. పిల్లలు ముందుకు వచ్చి కూర్చోండి. ఏది ఫిడేలో, ఏది మాండొలినో నేను చెప్పను, మీరే చెప్పాలి.