పగటివేషములు - మన వీధులు



పాశ్చాత్య నగరములలో నేడు ప్రేక్షకులు నటుల వెంట వీధులలో నడచుచు నాటకము చూచుట యొక వేడుకయైనది. మన కిది క్రొత్త గాదు. పగటివేషగాండ్రు రంగస్థలము గాని దీపములు గాని లేక, పట్టపగలు గడపగడపకు వచ్చెడివారు. దినమున కొక వేషము చొప్పున కొన్నాళ్లాడి, కడపటి దినమున సంభావన స్వీకరించెడివారు. కూచిపూడి భాగవతులును ఈ వేషములు కట్టిరి. అందు అర్ధనారీశ్వరము మిక్కిలి మనోహరము. నటు డొక్కడే, ఒక ప్రక్క శివుడు, వేరొక ప్రక్క పార్వతి. చేతి తెరతో సగము మరుగుపరచి, గిరుక్కున తిరిగినంతనే రెండవ మూర్తి పలుకును. మరాఠీ సోదరుల బహురూపి యితనికి చుట్టమే.

భివండిలో పన్నెండు గంటల పాళీ చేయువాడు నాటకశాలకు పోజాలడు. నాటకమే యతని కడకు రావలెను. మరియొక మాట. వేషగాని వ్యంగ్యమునకు నవ్వవలెనన్న తెలుగు తెలిసియుండవలెను. మన పిల్లలలో నెందరు నవ్వుదురు? ఈ ప్రశ్నయే మమ్ము కలతపెట్టుచున్నది.

కావున రాబోవు శ్రావణ పూర్ణిమకు, జంధ్యములు మార్చుకొను దినముననే, వేషగాండ్రను పిలిపింపగోరుచున్నాము. మగ్గముల హోరులో పద్యము వినబడదు గదా! పాళీ మారి కార్మికులు వీధిలోనికి వచ్చు వేళ ఆడింతుము. వారికి బస యీయగల గృహస్థులు ఈ సభ ముగియులోపల పేర్లు తెలుపవలెను.