నీటికుక్కకు కానుక ఎందుకు?

(సంతపూర్‌లో క్రైస్తవ యువతీయువకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నీటికుక్కల సంరక్షణకు సంఘాల్లో కానుక పట్టాలని మేము అన్నప్పుడు మొదట వచ్చే మాట ఇది: "మనుషులకే దిక్కులేదు, జంతువులకు డబ్బులా?" ఇలా అడిగేవారు కఠినులు కారు. బిడ్డ ఫీజుకు తడుముకునే ఇంట్లో పుట్టిన ప్రశ్న ఇది. కాబట్టి దాటవేయకుండా జవాబు చెప్పాలి.

మా జవాబు ఇది. నీటికుక్కకు ఇచ్చే కానుక నదికి ఇచ్చే కానుక. అయితే ఆ నది మీద బతికే పేదవాణ్ణి పక్కన పెట్టి ఇస్తే అది న్యాయమైన కానుక కాదు.

ఇక్కడ కన్నడంలో దీన్ని నీరునాయి అంటారు. నున్నటి బొచ్చు, వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం, ముఖ్య ఆహారం చేపలు. లోతు మడుగులు, రాతి సందులు, రెల్లు పెరిగిన ఒడ్లు ఉన్నచోట గుంపులుగా బతుకుతుంది. ఇసుక తోడేస్తే దాని బొరియ పోతుంది. జిలెటిన్ పేల్చి చేపలు పడితే చేపపిల్లలతో సహా అన్నీ చస్తాయి. అప్పుడు వల వేసే పేదవాడికి మాత్రం ఏం మిగులుతుంది? నీటికుక్కను వెళ్లగొట్టే పనులే జాలరి పొట్టా కొడతాయి.

మన రాష్ట్ర ప్రభుత్వం 2015లో తుంగభద్ర నదిపై ముద్లాపూర్ నుంచి కంప్లి వరకు 34 కిలోమీటర్ల మేర నీటికుక్కల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. దేశంలో వీటి కోసం ఏర్పడిన మొదటి సంరక్షణ ప్రాంతం అదే. మన బీదర్ మీదుగా పారే మంజీర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి సముద్రాన్ని చేరేచోట, కోరింగ మడ అడవుల్లోనూ నీటికుక్కలున్నాయి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వీటిని వేటాడడం నేరం. 2019లో ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. అయితే చట్టం కాగితం మీద ఉంటే చాలదు. కాపలాకు, లెక్కకు, పరిశోధనకు డబ్బు కావాలి.

ఆ డబ్బు ఎలా వస్తుందో అమెరికాలోని కాలిఫోర్నియాను చూడండి. అక్కడ సముద్రపు నీటికుక్కలున్నాయి. బొచ్చు కోసం వాటిని దాదాపు తుడిచిపెట్టారు. 1911లో ఒప్పందం కుదిరి వేట ఆగింది. ఇప్పుడు ఆ తీరంలో సుమారు 3,000 ఉన్నాయి. అక్కడి ప్రజలు రాష్ట్ర ఆదాయపు పన్ను పత్రం నింపేటప్పుడు, ఇష్టమైతే ఒక గడిలో వీటి కోసం ఒక డాలరైనా రాయవచ్చు. అలా వచ్చిన సొమ్ము కొంత పరిశోధనకు, కొంత రక్షణకు పోతుంది.

పరిశోధన వృథా ఖర్చు కాదు. పిల్లుల మలంలోని ఒక పరాన్నజీవి మురుగుతోపాటు సముద్రంలో చేరి నీటికుక్కలను చంపుతోందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. పిల్లి మలాన్ని మరుగుదొడ్లలో, కాలువల్లో వేయవద్దని పిల్లుల ఇసుక ప్యాకెట్ల మీద ముద్రించాలని 2006లో అక్కడ చట్టం వచ్చింది. కారణం తెలిస్తేనే కదా, మందు వేయగలం!

ఇక న్యాయం మాట. నీటికుక్క వల చింపుతుంది, చిక్కిన చేపను ఎత్తుకుపోతుంది. ఆ నష్టం జాలరి ఒక్కడే మోయాలా? నోవహుతో దేవుడు చేసిన నిబంధన అతని కుటుంబంతో ఆగలేదు. ఓడ దిగిన ప్రతి ప్రాణికీ అందులో చోటుంది. అదే బైబిల్లో యాకోబు పత్రిక, బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని హెచ్చరిస్తోంది. ఈ రెండింటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలే హక్కు మనకు లేదు.

అందుకే మా మనవి మూడు మాటలు. ఒకటి, జూన్ నెలలో ఒక ఆదివారం ప్రత్యేక కానుక పడదాం. బీదల సహాయనిధిలోంచి ఒక్క రూపాయీ తీయవద్దు. రెండు, ఆ కానుకలో సగం పరిశోధనకు, సగం రక్షణకు పోవాలి. గుర్తులు చూసి లెక్క రాసే పని జాలరి కుటుంబాలకే ఇచ్చి పూర్తి కూలి చెల్లించాలి, చిరిగిన వలకు పరిహారం ఇవ్వాలి. ఇలా చేసే సంస్థకే మన డబ్బు, అదీ ఏటా లెక్క చూపితేనే. మూడు, యౌవనస్థులారా, ఇది మీకు. మంజీర ఒడ్డు ఊళ్లకు వెళ్లి చేపలు పట్టే పెద్దలను అడగండి: తాతా, నీరునాయిని చూశారా, ఎక్కడ, ఏ ఏడు? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. బండల మీద చేప పొలుసులున్న రెట్ట కనబడితే ఫోటో తీయండి. పరిశోధనకు మొదటి మెట్టు అదే, దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

2016లో ఇదే మంజీర ఎగువన లాతూరుకు రైలులో నీళ్లు మోయవలసి వచ్చింది. నది ఎండితే ముందుగా గొంతెండేది పేదవాడికే. నదిని బతికించడం పేదల పరిచర్యలో భాగమని మేము నమ్ముతున్నాం. సృష్టికర్త మన చేతులకు ఆ మనసు, మన సంఘాలకు ఆ తెగువ ఇచ్చును గాక. ఆమేన్.