కదిలే ఇంటికి కర్ర నేల

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో, రైల్వే క్యారేజి వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి పొందిన ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్టు గురించి నాకంటె ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "అమెరికాలో మీరు చేసిన వడ్రంగం గురించి చెప్పండి" అన్నారు. మనలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లి ఐదారు నెలలు ఉండి వస్తున్నారు. అక్కడ పొద్దుపోక ఇబ్బంది పడేవారే ఎక్కువ. మనం ముప్ఫై ఏళ్లు చేసిన పని అక్కడ కూడా పనికివస్తుందని చెప్పడానికి ఈ సంగతి ఉపయోగపడుతుందని ఒప్పుకున్నాను.

మా అమ్మాయి, అల్లుడు హ్యూస్టన్‌లో ఉంటారు. వాళ్లు పాత మోటార్ హోమ్ ఒకటి కొన్నారు. చూడనివారికోసం చెబుతున్నాను: బస్సంత బండిలోనే పడక, పొయ్యి, స్నానాలగది, నీళ్ల ట్యాంకులు అన్నీ ఉంటాయి. సెలవులకు ఇల్లు వెంటబెట్టుకుని వెళ్లినట్లే. మా వాళ్ల బండి పొడవు 28 అడుగులు. బండి ఆపాక ఒక పక్క గోడ, సోఫాతో సహా సొరుగులాగా బయటికి జరుగుతుంది. అప్పుడు లోపల చోటు పెరుగుతుంది. దాన్ని స్లైడ్ అవుట్ అంటారు.

అందులో నేలంతా పాత కార్పెట్టు. మనవడికి దుమ్ము పడదు. రాత్రి బండిలో పడుకుంటే తెల్లవారేసరికి తుమ్ములు. అందుకని కార్పెట్టు తీసేసి కర్ర నేల వేద్దామనుకున్నారు. అల్లుడికి ఇంట్లో వేసినలాంటి ముప్పావు అంగుళం గట్టి ఓక్ చెక్క మీద మనసు. "మామయ్యగారూ, మీరు రైలు పెట్టెలకే నేలలు వేసినవారు కదా, ఇది మీకెంత పని!" అన్నాడు. "సరే బాబూ, ముందు బండికి ఎంత బరువు మోసే శక్తి ఉందో చూద్దాం" అన్నాను.

ఇల్లు కదలదు. దాని నేల మీద ఇంకో వంద కిలోలు పెట్టినా భూమి మోస్తుంది. బండి అలా కాదు. ఆ వంద కిలోలు టైర్లు మోయాలి, ఇరుసులు మోయాలి, కొండ దిగేటప్పుడు బ్రేకులు ఆపాలి. అదే వేగంలో వెళ్లే బండి బరువు పదో వంతు పెరిగితే, ఆపడానికి బ్రేకులు మింగవలసిన వేడి కూడా పదో వంతు పెరుగుతుంది. బరువు మించితే టైర్లు వేడెక్కి పగిలే ప్రమాదం. ఆ బండిలో వెళ్లేది మన మనవలు.

అమెరికాలో 2008 నుంచి తయారైన మోటార్ హోముల్లో, మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో తెలిపే చీటీ ఒకటి అతికించి ఉంటుంది. నిండు ట్యాంకు నీళ్ల బరువు ఎంతో కూడా దాని మీదే రాసి ఉంటుంది. ఆ నీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మా బండి చీటీ మీద 1,500 పౌనులు, అనగా 680 కిలోలు ఉంది. కాగితం తీసుకుని అల్లుడూ నేనూ కూర్చున్నాం. ఆరుగురు మనుషులు 350 కిలోలు. నీళ్లు 40 గ్యాలన్లు, సుమారు 150 కిలోలు. ఇక మిగిలింది 180. వంటపాత్రలు, బియ్యం, బట్టలు, మడత కుర్చీలు, పిల్లల సైకిళ్లు కలిపి 120 అని తేల్చాం.

ఇప్పుడు నేల. కార్పెట్టు తీస్తే 22 కిలోలు తగ్గుతుంది. వేయవలసిన చోటు 100 చదరపు అడుగులు. ఎర్ర ఓక్ కర్ర ఘనపు మీటరుకు 700 కిలోల దాకా తూగుతుంది. ముప్పావు అంగుళం మందాన 100 చదరపు అడుగులకు సుమారు 125 కిలోలు. అంటే కార్పెట్టు పోను 100 కిలోల పైచిలుకు అదనం. సామానుకు మిగిలేది 77 కిలోలే. పిల్లల సైకిళ్లు ఇంట్లో వదిలినా లెక్క కుదరదు. అదే ఇంజనీర్డ్ వుడ్ అనే రకం, పైన అసలు ఓక్ పొర, కింద అడ్డంగా నిలువుగా అతికించిన పలకలు, మందం అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు అయితే 60 కిలోలు. అదనం 40 లోపే.

కొలత కూడా అదే చెప్పింది. కార్పెట్టు తీశాక, స్లైడ్ అడుగు భాగానికీ కింది ప్లైవుడ్‌కూ మధ్య సందు 16 మిల్లీమీటర్లు. గట్టి చెక్క మందం 19. గది లోపలికి జరిగితే నేలను చీల్చుకుంటూ వస్తుంది. పలుచని రకం జిగురుతో కలిపి 11 దాకా వస్తుంది. ఈ కొలత గది బయట ఉన్నప్పుడు ఒకసారి, లోపల ఉన్నప్పుడు ఒకసారి, సగం దారిలో ఒకసారి తీసుకోవాలి. జరిగేటప్పుడు అది కాస్త కిందికి వంగే అవకాశం ఉంది.

అల్లుడు ఇంకేమీ అనలేదు. పెద్దవాణ్ణి కదా అని ఊరుకోలేదు, లెక్క చూసి ఊరుకున్నాడు. నాకు అదే సంతోషం.

ఇక కర్ర స్వభావం. మన వడ్రంగులు పచ్చికర్ర, ఆరినకర్ర, చేవ అని ఊరకే అనరు. కర్ర గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. పొడవులో తేడా దాదాపు ఉండదు, అంతా అడ్డంలోనే. ఎర్ర ఓక్ పలక 5 అంగుళాల వెడల్పున్నదనుకోండి. లోపలి తేమ 12 శాతం నుంచి 6 శాతానికి దిగితే, మామూలు కోత పలక దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. దుంగ నడిమి నుంచి అంచువైపు కోసిన పలక అయితే అందులో సగం కూడా తగ్గదు. హ్యూస్టన్ మన కాకినాడలాగా ఉక్కపోత ఊరు. వీళ్లు వెళ్లదలచినది గ్రాండ్ కాన్యన్, ఎడారి గాలి. పైగా బండి వారాల తరబడి తలుపులు మూసి ఎండలో నిలబడుతుంది. ఇంట్లో ఏడాదికి వచ్చే మార్పు దీనికి ఒక్క ప్రయాణంలో వస్తుంది. పొరలు అడ్డంగా నిలువుగా అతికించిన పలకలో ఒక పొర కదలబోతే ఇంకో పొర పట్టి ఉంచుతుంది. రైలు పెట్టెల్లో కంప్రెగ్ బోర్డు వాడినవారికి ఈ సూత్రం కొత్త కాదు. పలుచని కర్ర పొరలను రెసిన్‌లో తడిపి, వేడితో ఒత్తిడితో అణచి చేసిన బోర్డు అది.

పలకలు కొనేటప్పుడు ఇంకొక జాగ్రత్త. 2005లో కత్రీనా తుపాను తర్వాత నిరాశ్రయులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో ఫార్మాల్డిహైడ్ అనే వాయువు హెచ్చుగా ఉందని పరీక్షల్లో తేలింది. అతికించిన కర్ర సామానులోని జిగురు నుంచి వచ్చే వాయువు అది. 2010లో దానిమీద చట్టం చేశారు. ఆ చట్టం ప్రకారం పరీక్షించిన సరుకు పెట్టెల మీద టి.ఎస్.సి.ఏ. టైటిల్ సిక్స్ అని ముద్ర ఉంటుంది. దుమ్ము పడని పిల్లవాడికోసం చేసే పనిలో చెడు గాలి తెచ్చిపెట్టకూడదు కదా. ఆ ముద్ర చూసే తెచ్చాం.

కార్పెట్టు ఎత్తిన రోజే అసలు సంగతి బయటపడింది. నేను వర్క్‌షాపులో ఉండగా ఓవర్‌హాలింగ్‌కు పెట్టె రాగానే ముందు చూసేది తలుపు దగ్గర, లావెటరీ పక్కన. నీళ్లు నిలిచేది అక్కడే, తుప్పు పట్టేదీ అక్కడే. ఇక్కడా చిన్న సుత్తితో తడుతూ వెళ్లాను. పక్క తలుపు మూలకు వచ్చేసరికి చప్పుడు మారింది. దబ్బనం పెట్టి నొక్కితే వెన్నలో దిగినట్టు దిగింది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ప్లైవుడ్ నాని పుచ్చిపోయి ఉంది. పై నుంచి కార్పెట్టు కప్పి ఉండడంతో కొన్నప్పుడు ఎవరికీ కనబడలేదు.

దానిమీద కొత్త నేల పరిచేస్తే ఒక ఏడాది అందంగానే ఉంటుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు మెట్టు ఎక్కుతూ కాలు దిగబడి పడతారు. అయితే పుచ్చిన ముక్క మార్చడం రెండో పని, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవడం మొదటి పని. నీరు పల్లమెరుగు అన్నారు. కింద మూల తడిగా ఉంటే తప్పు పైన ఎక్కడో ఉంటుంది. బయట గొట్టంతో కింద నుంచి పైకి కొంచెం కొంచెంగా నీళ్లు కొడుతూ, లోపల మా అమ్మాయిని టార్చిలైటుతో నిలబెట్టాను. కిటికీ పై అంచుకు నీళ్లు చేరగానే "నాన్నగారూ, చెమ్మ వస్తోంది" అని కేకేసింది. కిటికీ ఊడదీసి, పాత సీలు గీకి, కొత్తది పెట్టి బిగించాం. ఆ తర్వాతే ముక్క కోసి కొత్త ప్లైవుడ్ వేశాం. ఆరిందని చూపుతో నమ్మకుండా తేమ కొలిచే మీటరు పెట్టి చూసి, పాత ప్లైవుడ్‌కూ కొత్తదానికీ పెద్ద తేడా లేదన్నాక ముందుకు వెళ్లాం. దానికి ఎనిమిది రోజులు పట్టింది. అల్లుడు తొందరపడ్డాడు గాని, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నచ్చజెప్పాను.

పని చేసిన క్రమం క్లుప్తంగా చెబుతాను.

మొదట బ్యాటరీ తీగలు విప్పాం, గ్యాసు సిలిండరు కట్టేశాం. జిగురు ఆవిరి తిరిగే చోట నిప్పు ఉండకూడదు. పలకల పెట్టెలను మూడు రోజులు బండిలోనే ఉంచి, లోపల మామూలుగా ఉండే చల్లదనానికి అలవాటు పడనిచ్చాం.

మేకులు కొట్టలేదు. ఇలాంటి బండ్లలో నేల కింద నీళ్ల గొట్టాలు, కరెంటు తీగలు, ట్యాంకులు ఉంటాయి. కొన్ని బండ్లలో పలుచని ప్లైవుడ్ మధ్య నురుగు పలక ఉంటుంది, మేకుకు పట్టు దొరకదు. పలకలను ఒకదానికొకటి బిగించి నేలకు అతకకుండా వదిలే పద్ధతి ఒకటి ఉంది. స్లైడ్ చక్రాలు దానిమీద దొర్లితే అది ఉబికి లేస్తుందని వద్దన్నాను. ఆరాక కూడా రబ్బరులాగా సాగే జిగురు వాడాం. రోడ్డు మీద బండి ఒళ్లు విరుచుకుంటూనే ఉంటుంది. బిర్రుగా గట్టిపడే జిగురు అక్కడ పగులుతుంది.

బండి గోడలు నిటారుగా ఉంటాయని నమ్మకుండా నడిమధ్య సుద్ద దారం కొట్టి, ఆ గీత నుంచి పరిచాం. పలకలు బండి పొడవునా వచ్చాయి. అతుకులు ఇటుక కట్టులాగా మార్చి మార్చి, ఒక వరుస అతుక్కూ పక్క వరుస అతుక్కూ కనీసం ఆరంగుళాల దూరం. గోడల చుట్టూ 10 మిల్లీమీటర్ల సందు వదిలి పైన బీడింగు వేశాం. బీడింగు మేకులు గోడకే, నేలకు కాదు. అలా అయితేనే నేల ఊపిరి పీల్చుకుంటుంది. ట్యాంకు మూతలు, వేడిగాలి వచ్చే జాలీలు వేటినీ కప్పలేదు. ఆ మూతల మీద పలక ముక్కలు విడిగా అతికించాం. రేపు ఎవరైనా రిపేరుకు వస్తే నేల పగలగొట్టనక్కర లేకుండా తీసుకోవచ్చు.

జిగురు ఆరడానికి ఒక రోజు వదిలి, స్లైడ్‌ను అంగుళం అంగుళంగా లోపలికి జరిపాం. ఎక్కడా రాసుకోలేదు. తర్వాత మనుషులు, నీళ్లు, సామాను అన్నీ ఎక్కించుకుని లారీలు తూచే కాటాకు తీసుకువెళ్లాం. ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా తూచి చీటీ ఇచ్చారు. రెండూ హద్దులోనే ఉన్నాయి. ఆ చీటీ చూశాకే కాన్యన్ ప్రయాణానికి రోజు నిర్ణయించాం. ఎడారిలో నాలుగు రోజులున్నాం. పలకల మధ్య గోరు దూరే సందు కూడా రాలేదు. మనవడు తుమ్మకుండా నిద్రపోయాడు.

మిత్రులారా, వంగి, మోకాళ్ల మీద కూర్చుని పలకలు పరిచిందంతా అల్లుడే. డెబ్బై దాటిన నేను బరువులు ఎత్తలేదు. ఆ దేశంలో నడుం పట్టేస్తే వైద్యం ఖర్చు ఎంతో మీకు తెలుసు. కొలవడం, తట్టి చూడడం, వద్దన్నచోట వద్దనడం నా వంతు. మీలో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, ఫిట్టర్లు ఉన్నారు, స్టోర్సు లెక్కలు చూసినవారు ఉన్నారు. పిల్లల ఇంటికి వెళ్లినప్పుడు "మీకు తెలియదులే నాన్నా" అన్న మాట వినబడితే చిన్నబుచ్చుకోకండి. టేపు, కాగితం, పెన్సిలు తీసుకుని పక్కన కూర్చోండి. లెక్క వేసి చూపిస్తే పిల్లలు వింటారు. వాళ్ల మంచికోరే మనం చెబుతున్నామని వాళ్లకూ తెలుసు.