ఏ యూనివర్సిటీకి పోవాల?

ఆత్మకూరు హాస్టల్లో డిగ్రీ ముగించిన ఒక తండా పాప నన్నడిగింది: “మేడం, జర్నలిజం చదవాలంటే యాడికి పోవాల?”

వెంటనే జవాబు చెప్పలేదు. అంతకుముందు ఒక చెంచు పిల్లను పేరు చూసి దూరాన ఒక కాలేజీకి పంపించినాను. హాస్టల్లో సీటుందో లేదో కనుక్కోలేదు. బయట బాడుగ కట్టలేక మూడు నెలలకే గూడేనికి తిరిగొచ్చింది. ఆ తప్పు నాది.

ఈసారి ఇద్దరం కాగితం పెట్టుకుని కూర్చున్నాం. జర్నలిజం ఎంఏకు ఏ డిగ్రీ అయినా చాలు. కడప యోగి వేమన మనకు దగ్గర. తిరుపతి పద్మావతి 1983 నుంచి ఆడపిల్లలదే. ఈ రెండింటికీ ఏపీ పీజీసెట్ రాయాల. హైదరాబాద్ లాంటి సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లుంటాయి.

తర్వాత నాలుగు ప్రశ్నలు రాసుకున్నాం. హాస్టల్లో సీటు ఖాయమా? స్కాలర్‌షిప్ పడేదాకా ఫీజుకు ఆగుతారా? కెమెరా, మైకు పిల్లల చేతికిస్తారా? మన పిల్లలెవరైనా అక్కడ చదువుతున్నారా?

నల్లమలలో పులి గురించి రాసేవాళ్లు చాలామంది. గూడెం గురించి గూడెం పిల్లే రాయాల.

పాప తిరుపతిని ఎంచుకుంది. చెంచు పిల్లకూ పీజీసెట్ రాయమని కబురు పంపించినాను. జవాబింకా రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.